గోడకివతల విన్న టేపు

విప్పిన టేపు మీద కుంచె ఆనించి లిసియాతే ఊపిరి బిగబట్టాడు. గట్టిగా వదిలితే బూజుపొడి లేచి యంత్రంలో పడుతుంది. మా దీవిలో, ఈ నుకుఅలోఫా ఊళ్ళో గాలికి ఉప్పూ తడీ ఎక్కువ. పెట్టెల అడుగున ఏళ్ళ తరబడి పడున్న టేపులకి పిండి చల్లినట్టు బూజు పట్టేస్తుంది. జిరాక్సు షాపు వెనకగదిలో కూర్చుని ఊరందరి పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ ఇలా దులిపి కంప్యూటర్‌లోకి ఎక్కించడమే అతని పని. మనిషి లావు, వేళ్ళు అరటికాయల్లా ఉంటాయి. ఆ వేళ్ళతోనే తెగిన టేపుని వెంట్రుకవాసి తేడా రాకుండా అతికిస్తాడు. మా ఆచారం ప్రకారం బట్టల మీంచి నడుముకి చుట్టుకున్న చాప అంచు కుర్చీకి రాసుకుని రాసుకుని పీచులు లేచింది.

అగ్నిపర్వతం పేలి సముద్రం ఊరిమీదికొచ్చిన ఏడాది నుంచీ జనం టేపులు మూటలు కట్టుకుని వస్తున్నారు. ఇంటర్నెట్ మేఘంలో దాచుకోవచ్చు కదా అని ఆక్లండ్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు సలహాలిస్తారు. చెప్పొచ్చారు! ఆ ఏడు సముద్రం కింద తీగ తెగి దేశమంతా మూగబోయింది. మేఘంలోంచి మా మీద పడింది బూడిదే. అందుకని లిసియాతే ఎవరి మాటా వినడు. బొమ్మని ఏమాత్రం నొక్కి కుదించకుండా ముందు పెద్ద ఫైలు చేస్తాడు. దాన్ని రెండు డిస్కుల్లో పెట్టి ఒకటి షాపులో, ఇంకొకటి మెరకమీదున్న చర్చి బీరువాలో దాస్తాడు. టీవీలో చూసుకునే చిన్న ఫైలు ఆ తర్వాతే. ఆ వరస తప్పడు. జనాన్ని మనవలు పుట్టేదాకా ఆగమంటావా అని షాపు యజమానురాలు ఫెహోకో దెప్పుతూనే ఉంటుంది.

ఇవాళ్టి టేపు ఊరివాళ్ళది కాదు, సొంత ఇంటిది. ఆక్లండ్ నుంచి వచ్చిన చిన్నాన్న భుజం మీద కెమెరా పెట్టుకుని తీసింది. అందులో అమ్మ చర్చి పండగకి నాట్యం చేస్తుంది. మరుసటేడే ఆవిడ పోయింది. ఆ టేపుని అక్క పిసీలా నారబట్టలో చుట్టి తన పెట్టెలో దాచుకుంది. అక్క దాచింది తమ్ముడు అడగకూడదు. పదేళ్ళు దాటాక అక్క పడుకునే గదిలో అడుగు పెట్టకూడదు, ఆమెతో కూర్చుని టీవీ చూడకూడదు. మాలో అంతే. ఊళ్ళో టేపులన్నీ చూసినవాడు ఇంట్లో టేపు మాత్రం చూడలేదు, దీపం కిందే చీకటి.

మూత్రపిండాలు చెడిపోయి, ఇక చేసేదేం లేదని ఆసుపత్రివాళ్ళు పిసీలాని ఇంటికి పంపేశారు. నిన్న ఆమె కూతురు మెలియామే టేపు తెచ్చి, అమ్మ దీన్ని ఒక్కసారి చూడాలంటోందని చెప్పింది. లిసియాతేకి అక్కంటే ప్రాణం. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు. దుంపలు, చేపలు, పుచ్చకాయలు గుమ్మం దాకా మోసుకెళ్ళి దించి రావడమే అతను చెప్పగలిగిన మాట.

టేపు తిరిగింది. అమ్మ నూనె రాసిన చేతులు మెరుస్తూ లేచాయి. లిసియాతే కళ్ళు చెమ్మగిల్లాయి గానీ, అలవాటు చెడ్డది. చూపు జారి తెర అడుగున వణికే గీత మీదికి పోయింది. ఈ పనిలో ఉన్నవాడు మనుషుల్ని చూడడు, బొమ్మ ఎక్కడ చెదురుతోందో చూస్తాడు. చివర్న టేపు కీచుమంది. ఆపి, యంత్రం తుడిచి, మళ్ళీ నడిపించి, ఆ కాస్త ముక్కా గీతని చూస్తూనే ఎక్కించాడు. పెద్ద ఫైలు తయారైంది. రెండు డిస్కుల్లో పెట్టాడు, పెన్‌డ్రైవ్‌లోనూ అదే వేసుకుని ఎండలో అక్క ఇంటికి పరుగెత్తాడు.

వరండాలో నిలబడి మెలియామేకి ఇచ్చాడు. ఆమె లోపలికి తీసుకెళ్ళి టీవీకి తగిలించింది. మెలియామే తిరిగొచ్చి, ఈ ఫైలు నాకు తెలీదంటోంది మా టీవీ అంది. పాత టీవీ అది, పెద్దది మింగలేదు. లిసియాతే తల పట్టుకుని, పెద్దదైతే రంగులు బాగుంటాయనీ, పదికాలాలు ఉంటుందనీ ఏదో సర్దిచెప్పబోయాడు. మాలో మేనమామని ఎంత మాటైనా అనే హక్కు మేనకోడలికి ఉంటుంది. మెలియామే మాత్రం మెల్లగానే అంది.

"అమ్మకి పదికాలాలు అక్కర్లేదు మామయ్యా. ఇవాళ చాలు."

రేపు ఆదివారం. ఆ రోజు పని చెయ్యడం మా చట్టం ఒప్పదు, షాపు తలుపు తీస్తే పోలీసులొస్తారు. లిసియాతే వెళ్ళేసరికి ఫెహోకో షట్టరు దించుతోంది. సంగతి విని మళ్ళీ పైకెత్తింది. ఇతని వాలకం చూసి, నాట్యం ముక్క ఒక్కటే కత్తిరించి చిన్న ఫైలు చెయ్యి, చిటికెలో అవుతుంది, ఆ బూజుపట్టిన చివర ఎవరిక్కావాలి అంది. అక్క టేపు కత్తిరించే హక్కు తనకి లేదన్నాడు లిసియాతే. మొండిఘటం. ఆ ముసలి కంప్యూటర్ నత్తనడకన పని చేస్తూంటే, ఈలోగా అక్క పోతే ఎలాగని అతను మాటిమాటికీ గడియారం చూశాడు. మెరకమీది చర్చిలో పాటల సాధన మొదలైంది. ఫెహోకో ఉడికించిన కర్రపెండలం ముక్క తెచ్చి పెట్టింది. చేతిలో పట్టుకున్నాడు గానీ తినలేదు.

సాయంత్రానికి చిన్న ఫైలు వచ్చింది. ఈసారి టీవీ పలికింది.

లిసియాతే వరండాలో గోడకి వీపానించి కూర్చున్నాడు. కిటికీ అద్దాల సందుల్లోంచి అక్క చేతులకి రాస్తున్న కొబ్బరినూనె వాసన వచ్చింది, పాట వచ్చింది, చప్పట్లు వచ్చాయి. లోపలి నుంచి సన్నగా పిలుపు.

"తమ్ముడూ, ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"వినపడుతోందా?"

"వినపడుతోంది."

"పోకు మరి."

పోనన్నాడు. పాట అయిపోయింది. ఎవరో పిల్లలు కిలకిలా నవ్వారు, ఒక ఆడమనిషి ముద్దుగా కసిరింది. ఆ గొంతు అమ్మదని అతనికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. మళ్ళీ అదే నవ్వు, అదే కసురు. లోపల ఎవరో వెనక్కి నడిపి నడిపి ఆ ముక్కే వేస్తున్నారు. చీకటి పడుతూంటే మళ్ళీ ఒకసారి నవ్వు వినిపించి, టేపు చివరిదాకా నడిచి ఆగింది. ఈసారి ఎవరూ వెనక్కి తిప్పలేదు. లిసియాతే లేవబోయి, లేచి వెళ్ళేందుకు ఆ గది తనది కాదని గుర్తొచ్చి కూర్చుండిపోయాడు.

మెలియామే బయటికొచ్చి అతని పక్కన కూలబడింది. అక్క పోయిందని చెప్పాల్సిన పని లేకపోయింది. అతనే అడిగాడు.

"చివర్న ఏముందే అందులో?"

"నువ్వు చూళ్ళేదా? నువ్వూ అమ్మా ఒకే చాప మీద కూచుని పుచ్చకాయ తింటున్నారు. నీ ముక్క అయిపోతే తనది నీ నోట్లో పెడుతోంది. అమ్మమ్మ తిడుతోంది, పెద్దదానివయ్యావు ఇంక జరిగి కూచోమని."

"జరిగిందా?"

"జరగలేదు. దాన్నే చూసింది సాయంత్రమంతా."

లిసియాతే పెద్దగా ఏడ్చాడు. లోపల ఆడవాళ్ళ ఏడుపు దానితో కలిసింది. మెలియామే చాలాసేపు అతని వీపు రాసి, అమ్మ ఆఖరి స్నానానికి నీళ్ళు పెట్టాలని లోపలికి వెళ్ళింది. మాలో అక్క పోతే నేలలో పొయ్యి తవ్వడం, వచ్చేవాళ్ళకి వండడం తమ్ముడి పని. అతనూ ముఖం తుడుచుకుని పెరట్లోకి నడిచాడు. మెలియామే చేతిలో పట్టుకొచ్చి మరిచిపోయిన టీవీ రిమోటు వరండా చెక్క మీద ఉండిపోయింది. దాని వెనక్కి నడిపే మీట మీద పిసీలా బొటనవేలి కొబ్బరినూనె తడి ఇంకా ఆరలేదు.