మనోళ్ల పిల్ల

సింగానల్లూరు దగ్గరి పెద్ద హోటల్లో ఉషా ఏళ్లుగా టిఫిన్ల వంట చూసేది. పొద్దున బఫేలో పెద్ద ట్రేల నిండా పోసిన పొంగలి చల్లారి, జిడ్డు కట్టి, చివరికి చెత్తడబ్బాలో పడేది. ఆ పులిసిన వాసనకు ఆమెకు వాంతి వచ్చినట్టుండేది.

హెచ్‌ఆర్ మేనేజర్ ప్రభాకరన్ ప్రతి శుక్రవారం అందరినీ కూర్చోబెట్టి, కొత్త ఆలోచనలు చెప్పండి, తప్పైనా ఫరవాలేదు అనేవాడు. ఉషా నమ్మింది. చిన్న గిన్నెల్లో కొంచెమే పెట్టి, అయిపోయేకొద్దీ వేడిగా నింపుదామంది. మొదటిరోజే పొంగలి అందక, హోటల్లో దిగిన పెళ్లివాళ్లు గొడవ చేశారు. ప్రభాకరన్ ఆమెకు మెమో ఇచ్చాడు. తప్పైనా ఫరవాలేదన్నారు కదా అని అడిగితే, ఎదురు మాట్లాడిందని అదీ అందులో చేర్చాడు.

వంటశాల పెద్ద పళనివేల్ మాత్రం ఇంకొన్నాళ్లు చూద్దామన్నాడు. ఎవరు ఎప్పుడు నింపాలో వంటవాళ్లంతా మాట్లాడుకుని, పొరపాట్లు చేస్తూనే దారిలో పడ్డారు. పారబోసేది సగానికి తగ్గింది.

ఆ తర్వాత మదురైలో హోటళ్లవాళ్ల సభలో ప్రభాకరన్‌కు బహుమతి వచ్చింది. ఆయన శిక్షణ వల్లే ఈ ఆలోచన పుట్టిందట. ఫోటో కోసం ఉషాను ఇస్త్రీ యూనిఫాంలో వెనక నిలబెట్టారు. మెమో సాకుతో ఆమె ప్రమోషన్ ఆపి, కొత్తగా చేరినవాళ్లకు ‘ప్రభాకరన్ పద్ధతి’ నేర్పమన్నారు.

ఉషా ఇదంతా చెప్పుకోడానికి హోటల్ యజమాని ధర్మరాజ దగ్గరికి వెళ్లింది. ఆయనదీ ఉషాలాగే తెలుగు ఇల్లే అయినా హోటల్లో తమిళం, ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. ఆరోజు తలుపు వేయించి, గొంతు తగ్గించి, తమిళం కలిసిన ఇంటి తెలుగులోకి దిగాడు.

“చూడు కన్ను, బంగారు, నువ్వు మనోళ్ల పిల్లవి. పేరు ఎవరిదైతే ఏమి? మన హోటల్‌కే కదా పెరుమై, గొప్ప. కొంచెం అనుసరించుకోని, సర్దుకోని పో.”

ఉషాకు ప్రభాకరన్ మీద కూడా ఇంత రోత పుట్టలేదు. అమ్మ అన్నం పెడుతూ మాట్లాడే మాటను ఈయన ఆమె నోట్లో గుడ్డలా కుక్కుతున్నాడు.

“మెమో ఇచ్చినప్పుడు నేను మనోళ్ల పిల్లని కాదాంగ?”

ఆయన తమిళంలోకి మారి, వెళ్లి పని చూసుకోమన్నాడు.

కొత్తవాళ్ల ముందు ఆమె జరిగిందంతా జరిగినట్టు చెప్పింది. ఇక్కడ తప్పు చేసి నేర్చుకుంటే మెమో వస్తుందని కూడా చెప్పి, ఆ సాయంత్రమే పని మానేసింది.

ఇప్పుడామె ఒక కాలేజీ హాస్టల్లో వండుతోంది. మొన్న పళనివేల్ ఫోన్ చేశాడు. శుక్రవారాల్లో ఎవరూ నోరు తెరవడం లేదట. సిబ్బందికి నేర్చుకునే ఆసక్తి లేదని ప్రభాకరన్ యజమానితో అన్నాడట. అంతా చెప్పి, మీ దగ్గర పని దొరుకుతుందా అని మెల్లగా అడిగాడు.

రమ్మంది ఉషా.