నిండు ట్యాంకు

ఇదలీనా రోజు దూడలతో మొదలయ్యేది. తెల్లారకముందే పాలపొడి కలిపి, నూట పన్నెండు దూడల గూళ్ళ ముందు బకెట్లు పెట్టుకుంటూ పోవాలి. అది కాగానే అన్న సెరఫీమ్‌కి కాఫీ, గుడ్లు, కారం సాసేజీ. తర్వాత గిన్నెలు, డెయిరీ కాగితాలు, సాయంత్రం సూపుకి ఆకుకూర తరగడం, మళ్ళీ దూడలు. అమ్మకి ఒంట్లో బాగాలేదంటే రెండు వారాలుండి పోదామని వచ్చిన మనిషి. అమ్మ పోయి ఏడేళ్ళయింది. ఆ రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదు.

కాలిఫోర్నియా లోయలో హాన్‌ఫర్డ్ బయట సెరఫీమ్ డెయిరీ అంటే తెలియనివాళ్ళు లేరు. సెరఫీమ్ కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కూడా కాదు. అలాంటి అన్న ఇంటి నుంచి బయటపడడం మరీ కష్టం. ఎందుకు పోతున్నావని ఊరంతా అడుగుతుంది, చెప్పడానికి ఒంటి మీద ఒక్క దెబ్బైనా ఉండదు.

ఈసారి మాత్రం పోవాలి. ఉత్తరాన ఐదొందల మైళ్ళ దూరంలో, సముద్రం పక్కన, ఒక చీజ్ ఫ్యాక్టరీలో పాలు పరీక్షించే ఉద్యోగం వచ్చింది. సోమవారం ఉదయం ఆరింటికి చేరమన్నారు. చేరకపోతే ఆ చోటు ఇంకొకరిది.

అడ్డమల్లా కారు. పంతొమ్మిదేళ్ళ ముసలి కారు. దాని రిజిస్ట్రేషన్ వేసవిలోనే అయిపోయింది. కొత్తది కావాలంటే పొల్యూషన్ పరీక్ష పాసవ్వాలి. మూడుసార్లు తప్పింది. ప్రతిసారీ ఇంజను లైటు వెలగడం, పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి కారుతోందని వాళ్ళు తిప్పి పంపడం. ట్యాంకు మూత రెండుసార్లు మార్చింది.

"ఏమే, ఆ డొక్కు పాసైందా?" అనేవాడు సెరఫీమ్, రొట్టె సూపులో ముంచుకుంటూ. "పోనీలే. నీకు కారెందుకు, ఎక్కడికెళ్ళాలనీ? నీ చేతి సూపు తిని బతకాల్సినవాణ్ణి నేనున్నాగా." అని తన జోకుకి తనే నవ్వుకునేవాడు.

ఆ నవ్వు చూసే ఆమెకి అనుమానం పుట్టింది. వీడే రాత్రుళ్ళు మూత వదులు చేస్తున్నాడు. అనుమానం వారం తిరక్కుండా నమ్మకమైపోయింది. గురువారం మధ్యాహ్నం, దూడల మందు తెస్తానని చెప్పి, కారుని వార్తుహి షాపుకి తోలింది.

వార్తుహి అరవై దాటిన ఆర్మీనియన్ విధవరాలు. మొగుడి షాపుని మొగుడికంటే బాగా నడిపేది. ఆవిరి కారే చోటు పట్టుకోవడానికి అందరూ వాడే పొగ యంత్రమే ఆమె దగ్గరా ఉంది: గొట్టాల్లోకి నూనె పొగ ఎక్కిస్తే, కన్నం ఉన్నచోట పొగ బయటికొస్తుంది. వార్తుహి షాపులో ఆ పొగ, కన్నం ఎవరు చేశారో వాళ్ళ రూపంలో వచ్చేది. వచ్చి, వాళ్ళుండే చోటుకి వెళ్ళిపోయేది. అందుకే జనం నలభై మైళ్ళ నుంచి కూడా ఇక్కడికే వచ్చేవాళ్ళు. తగువులుండవు.

ఆ రోజు ఇదలీనాకంటే ముందు ఉసేబియో ట్రక్కు ఉంది. కాలవ నీళ్ళ గేట్లు కాపలా కాసి రిటైరైన ముసలాయన. ట్రక్కు కింద నుంచి పొగ ఉడతొకటి దిగి, పళ్ళు గీరుకుని, ఎదురుగా ఉన్న వాల్‌నట్ తోటలోకి పరుగెత్తింది.

"గొట్టం కొరికింది ఉడతే," అంది వార్తుహి. "మీ అల్లుణ్ణి అనవసరంగా అన్నారు."

"వాణ్ణి అనడానికి వేరే కారణాలున్నాయిలే," అన్నాడు ఉసేబియో, కుర్చీలోంచి లేవకుండానే. తర్వాత ఎవరి పొగ వస్తుందో చూడకుండా పోయే రకం కాదు.

వార్తుహి ఇదలీనా కారుకి స్కానరు తగిలించి చూసింది. "పెద్ద కన్నమే. సూది బెజ్జం కాదు. ఎవరి మీద అనుమానం?"

"మా అన్న మీద."

"సెరఫీమా!" ఉసేబియో కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "చూద్దాం, చూద్దాం. టోపీతో వస్తాడంటావా?"

పొగ ఎక్కింది. ముగ్గురూ ట్యాంకు మూత వైపు చూస్తూ నిలబడ్డారు. మూత దగ్గర ఏమీ లేదు. ఇంజను దగ్గరా లేదు. వార్తుహి లైటు పట్టుకుని కారు వెనక కిందికి వంగింది. అక్కడ, గాలి లోపలికి తీసుకుని బయటికి వదిలే వాల్వు దగ్గర, పొగ సన్నగా మొదలై చిక్కబడింది. ముందు రబ్బరు బూట్లు వచ్చాయి. తర్వాత ఏప్రను. తర్వాత, జారిపోతున్న జుట్టు ముడి.

కారు పక్కన పొగ ఇదలీనా లేచి నిలబడింది. ఎడమ చెయ్యి నడుం మీద. కుడి పిడికిలి బిగించి, వదిలి, మళ్ళీ కొంచెం బిగించి, మళ్ళీ వదిలి. కళ్ళు రోడ్డు మీద.

ఉసేబియో కుర్చీ మళ్ళీ వెనక్కి జరుపుకున్నాడు.

వార్తుహి ఆ పిడికిలినే చూసింది. "పంపు పిడి నొక్కుతోంది. బంకులో ట్యాంకు నిండి పంపు క్లిక్‌మని ఆగాక ఇంకా ఎంత పోస్తావే?"

"మెడ దాకా," అంది ఇదలీనా. "పెట్రోలు కంటికి కనపడేదాకా."

"ఎందుకంత?"

"చుట్టుపక్కల ముప్పై మైళ్ళ బంకుల్లో అందరూ మా అన్నకి తెలిసినవాళ్ళే, అక్కా. ఆగితే వాడికి ఫోను పోతుంది. దారిలో ఎక్కడా ఆగక్కర్లేకుండా..."

"ఏ దారిలో?"

ఇదలీనా కూడా రోడ్డు వైపు చూసింది.

"ఎన్నాళ్ళుగా?"

"అమ్మ పోయిన వారం నుంచి. ప్రతి ఆదివారం."

వార్తుహి కారు కింద నుంచి ఒక నల్లటి డబ్బా ఊడదీసి బల్ల మీద బోర్లించింది. అందులోంచి పెట్రోలు కారింది, వెనకే తడి బొగ్గు ముక్కలు. "ఇది ఆవిరి పట్టుకోవాల్సిన బొగ్గు. దీనికి పెట్రోలే తాగించావు. నాని, చితికి, వాల్వులో ఇరుక్కుంది. ఇక వాల్వు మూసుకోదు. పారిపోవడానికి పోసిన పెట్రోలే తల్లీ నిన్ను కట్టేసింది."

ఈలోగా పొగ ఇదలీనా ఏప్రనుకి చేతులు తుడుచుకుంది. గోడ గడియారం చూసింది. మూడున్నర. దూడల సాయంత్రం పాల వేళ. గబగబా తలుపు దాటి పడమటి రోడ్డు పట్టింది.

"అది మా ఇంటికి పోతోంది," అంటూ ఇదలీనా రెండడుగులు వేసింది.

వార్తుహి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "పోనీ. నువ్వు కూడా దాని వెంట పోతే ఇద్దరూ అక్కడే ఉంటారు."

బొగ్గు డబ్బా, వాల్వు కొత్తవి పడ్డాయి. గొట్టాల్లో మిగిలిన బొగ్గు నుసిని వార్తుహి గాలి కొట్టి వదిలించింది. అయినా పని అక్కడితో అయిపోలేదు.

"లైటు నేను ఆర్పగలను. లోపల రాసి పెట్టుకున్న తప్పుని మాత్రం కారే కొట్టేసుకోవాలి. రాత్రంతా కదలకుండా చల్లబడి, పొద్దున ఇంజను ఆపకుండా ఒకే తీరుగా నడిస్తే, అది ఊపిరి బిగబట్టి తనని తాను పరీక్షించి చూసుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే చూసుకోదు. సగం ఖాళీ చెయ్యాలి."

"సగమా!"

"సగమే."

వార్తుహి చేతిపంపుతో పెట్రోలు తోడుతుంటే ఇదలీనా పెట్రోలు ముల్లు మీంచి చూపు తిప్పలేదు. ముల్లు ముప్పావు దగ్గరికి దిగినప్పుడు, "చాలక్కా, ఆపు," అంది. ఇంకా దిగినప్పుడు బయటికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. ఏడేళ్ళలో ఆ ముల్లు కిందికి రావడం చూడలేదు. ఎక్కడికైనా వెళ్తే కదా దిగేది.

"పారబోస్తారేమిటి, నా ట్రక్కులో పోయండి," అన్నాడు ఉసేబియో.

ఆ రాత్రి షాపు వెనక గదిలో మంచం మీద పడుకుని, ఫోను గుండెల మీద పెట్టుకుంది. ఎక్కడున్నావే అని అన్న అరుస్తాడు. ఏం చెప్పాలో పది రకాలుగా తయారు చేసుకుంది. ఫోను మోగలేదు. తెల్లారాక కూడా మోగలేదు.

"నువ్వు పోయావని చూసుకోలేదేమో," అంది వార్తుహి, కాఫీ ఇస్తూ.

"సూపు ఎవరు పెట్టారు మరి?"

వార్తుహి స్కానరు తీసి చంకలో పెట్టుకుంది.

రిజిస్ట్రేషన్ లేని బండికిచ్చే ఒక్కరోజు పర్మిటు అద్దానికి అతికించి శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. ఇదలీనా నడుపుతోంది, పక్కన వార్తుహి స్కానరు ఒళ్ళో పెట్టుకుంది. అరగంట హైవే మీద ఒకే వేగంతో తిరిగాక, "ఇప్పుడు నిదానంగా పోనిచ్చి ఎక్కడైనా ఆపు. ఇంజను మాత్రం ఆపకు. ఆపితే రేపు మళ్ళీ మొదటినుంచి," అంది వార్తుహి. రేపు శనివారం, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఉండదు. ఇంకొక్క పొరపాటుకి చోటు లేదు.

నిదానంగా పోవడానికి ఇదలీనాకి తెలిసిన రోడ్డు ఒక్కటే. డెయిరీ కంచె పక్కన ఆగింది.

కంచె అవతల పొగ ఇదలీనా బకెట్లు మోస్తోంది. నిన్నటికంటే పల్చబడింది, వెనకున్న గూళ్ళు ఆమెలోంచి కనపడుతున్నాయి. సెరఫీమ్ పాకలోంచి వచ్చి, ఆమె బకెట్లు దించి అందించిన కాఫీ కప్పు తీసుకుని, మొహం కేసి చూడకుండానే తాగాడు. "చల్లారిపోయింది. రేపు వేడిగా ఇయ్యి," అన్నాడు. ఆమె తలూపింది.

తేడా తెలిసింది దూడలకే. చివరి గూటిలో కొత్తగా పుట్టింది ఒకటి, బకెట్లో తాగడం ఇంకా రాదు. పొగ ఇదలీనా దాన్ని బకెట్ వైపు తిప్పడానికి నోటికి వేళ్ళు అందించింది. అది చప్పరించి, లోపల ఏమీ లేక వదిలేసి, అరవడం మొదలుపెట్టింది. ఆకలి అరుపు. ఇదలీనా చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది, ఇంకో చెయ్యి ఇంజను తాళం మీదికి.

"ఇంకెంతసేపు?"

"నాలుగు నిమిషాలు. ఇంజను ఆపితే..."

"అది నిన్నటి నుంచి తాగలేదక్కా."

"నాకూ వినపడుతోంది."

దూడ అరుస్తూనే ఉంది. ఇదలీనా తాళం మీద నుంచి చెయ్యి తీసి స్టీరింగు పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేలా.

"ఏమే, దానికి పట్టించు! నిద్రపోతున్నావా?" అని సెరఫీమ్ పొగ మీద అరిచాడు. ఆమె మళ్ళీ వేళ్ళు పెట్టింది, దూడ మళ్ళీ వదిలేసింది. చివరికి గొణుక్కుంటూ తనే వచ్చాడు. మోకాళ్ళు పట్టుకుని వంగి, దూడ నోట్లో తన వేళ్ళు పెట్టి, దాని తలని బకెట్లోకి తోశాడు. మొరటుగానే తోశాడు. దూడ తుమ్మింది, తల విదిల్చింది, తర్వాత తాగడం మొదలుపెట్టింది. తోక ఆడింది.

ఇంత పని వాడికి వచ్చునని ఇదలీనాకి ఏడేళ్ళుగా తెలియదు.

"అయింది," అంది వార్తుహి, స్కానరు చూస్తూ. "కొట్టేసుకుంది. షాపుకి పోనీ, పొల్యూషన్ పరీక్ష నేనే చేసి కాగితం పది నిమిషాల్లో చేతికిస్తా."

సెరఫీమ్ నడుం పట్టుకుని లేచాడు. అప్పుడు చూశాడు కంచె పక్కన ఆగి ఉన్న కారుని. ఎండ అద్దం మీద పడుతోందో, ఇంట్లోనే ఉన్న మనిషి రోడ్డు మీద ఉండదన్న ధీమానో, తడి చెయ్యి పైకెత్తి పలకరించాడు. దారిన పోయే ప్రతి బండికీ ఆ లోయలో అందరూ ఎత్తినట్టే. మర్యాదగా, నవ్వుతూ. ఇంట్లో ఆమెకి ఎన్నడూ దొరకని పలకరింపు.

ఇదలీనా కూడా చెయ్యెత్తింది. గేరు వేసింది.