పొయ్యి దిగిన పెనం

నేను ఒక బెల్లం పెనాన్ని. అనకాపల్లి దగ్గర ఒక కొలిమిలో రేకుకి రేకు కలిపి, మేకులు దిగ్గొట్టి నన్ను చేశారు. బండి చక్రం కన్నా వెడల్పు, మోకాలి లోతు; నలుగురు చెయ్యేస్తేగాని లేవను. ఏటి ఒడ్డు ఊరి రైతు సూర్నారాయణ నన్ను కొని, ఇంటి పక్క గానుగ పాకలో పొయ్యి మీద కూర్చోబెట్టాడు. కింద చెరకు పిప్పి మంట, లోపల కుతకుతలాడే రసం. నేనంటే బెల్లం. నాకూ అంతకు మించి తెలియదు.

సూర్నారాయణ తమ్ముడి భార్య నూకరత్నం. రసం కలియబెడుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేసి ఎటో చూసేది. పరాకు మనిషని బావగారి విసుగు. ఎదుటివాళ్లు ఆలోచిస్తుంటే మనుషులకి ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఒక వానాకాలం ఏరు పొంగి ఊళ్లోకొచ్చింది. తెల్లారేసరికి పాకలోనూ వీధిలోనూ గుండెల్లోతు నీళ్లు. ఎదురింటి ఈశ్వరమ్మకి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఎత్తుగా ఉందని మా ఇంటి అరుగు మీదికి చేర్చారు.

పడవకి కబురెట్టమన్నారొకరు. పడవలన్నీ పక్కూళ్లకి పోయాయి. మంచం మీద రోడ్డుదాకా మోసుకుపోదామన్నాడు సూర్నారాయణ. ఖాళీ మంచంతో దిగి చూస్తే మోసేవాళ్ల కాళ్లే నిలవలేదు. చెడ్డ ఆలోచనలేం కావు, వెనకటి వరదల్లో పనికొచ్చినవే.

ఈలోగా నీళ్లు నన్ను పొయ్యి మీంచి లేపాయి. ఊగుతున్న నన్ను అందరూ చూశారు. కొట్టుకుపోతుందేమోనని తాడేసి కట్టారు కూడా. నూకరత్నం మాత్రం చూపు తిప్పలేదు.

"బావా, ఈశ్వరమ్మని ఇందులో పడుకోబెడదాం."

"మతి పోయిందేటి నీకు? అది పెనమే! తిరగబడితే తల్లీ పిల్లా ఇద్దరూ పోతారు."

ఆమె నీళ్లలో దిగి నన్నెక్కింది. అంచున కూర్చోగానే ఒరిగిపోయి ఆమెను నీళ్లలో పడేశాను. ఎవరో నవ్వారు. ఆమె లోపలి నీళ్లు తోడి, మళ్లీ ఎక్కి, సరిగ్గా నడిమధ్యన వెల్లకిలా పడుకుంది. ఈసారి నిలిచాను.

"మద్దినుంటే ఏటీ అవదు. అంచు మీద ఎవుళూ బరువెయ్యకండి. ఆసరాగా పట్టుకుని నడండంతే."

గోనెలు పరిచి ఈశ్వరమ్మను పడుకోబెట్టారు. సూర్నారాయణ వచ్చి ముందు వైపు పట్టుకున్నాడు.

"ములిగిపోమా అక్కా?" అంది ఈశ్వరమ్మ, నూకరత్నం చెయ్యి వదలకుండా.

"నన్ను ములగనిచ్చిందేటే ఇందాకా? కదలకుండా పడుకో."

రోడ్డెక్కాక ట్రాక్టరు దొరికింది. ఆసుపత్రిలో ఈశ్వరమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికారు.

నీళ్లు తీశాక ఊరంతా ఒకటే మాట. "అందులో ఏటుంది? పెనం తేల్తాదని ఎవుడికి తెల్దు?" నిజమే, అందరికీ తెలుసు. నేను పెనాన్నని ఇంకా బాగా తెలియడంతో ఆ పొద్దున అది ఎవరికీ తట్టలేదు.

ఏళ్లు గడిచాయి. గానుగ మూతపడింది. అడుగు చిల్లులు పడి, పెరటి గోడకి చేరబడి ఉన్నాను. మొన్న పాత ఇనుము కొనే మనిషొచ్చి నన్ను వేలితో మీటి చూశాడు.

"అడుగంతా పోయింది. ఇంకెందుకు పనికొస్తాదమ్మా ఇది?"

నెరిసిన జుట్టు ముడేసుకుంటూ నూకరత్నం నా చుట్టూ ఒకసారి తిరిగింది.

"అదే సూస్తన్నాను నాయనా. నువ్వెల్లు" అంది.