వేడెక్కితే ఆగే బండి

చచ్చినవాడి మీద తప్పు రాయడమంత సుఖమైన పని ఇంకోటి లేదు. వాడు లేచొచ్చి అడగడు. అద్దెకార్ల కంపెనీ ఆ సుఖానికే ఎగబడింది. "డ్రైవరు నిర్లక్ష్యంగా వంతెన మధ్యలో బండి ఆపాడు" అని ఒక కాగితం టైపు చేసి, మెకానిక్ సంతకం కోసం షెడ్డుకు పంపింది. కాగితంతోపాటు ఆ ముసలి కారునూ ఈడ్చుకొచ్చి పడేసింది. వెనకనుంచి లారీ గుద్దిన గుద్దుకు డిక్కీ వెనక సీట్లోకి దూరింది. ముందున్న ఇంజన్ మీద మాత్రం గీత పడలేదు.

పోయిన డ్రైవరు మెకానిక్‌కు సొంత బావ. పోయి మూడు వారాలైంది.

అక్క షెడ్డులో పాత టైరు మీద కూర్చుంది.

"ఆయన ఆపలేదురా. అదే ఆగిపోయుంటుంది. బడిలో పిల్లని ఏడిపిస్తున్నారు, మీ నాన్న నడిరోడ్డు మీద బండాపి చచ్చాడంట కదా అని. నువ్వు చూసి నిజం రాయి. నాకింకేం వద్దు."

మెకానిక్ బానెట్ మీద చెయ్యి పెట్టాడు. ఈ బండి అతనికి కొత్తది కాదు. బావ మూడుసార్లు తెచ్చాడు. "వేడెక్కితే చస్తోందిరా బామ్మర్దీ, కాసేపు నిలబెడితే మళ్ళీ బతుకుతోంది" అని చెప్పి, డ్యూటీ దిగాక వదిలిపెట్టి పోయేవాడు. షెడ్డులో పద్ధతేమిటంటే, అలా వదిలిన బండ్లన్నిటినీ పొద్దున్నే వరసపెట్టి చూసేయడం. అప్పటికి ఇంజన్ కుండలో నీళ్ళంత చల్లగా ఉంటుంది. తాళం తిప్పగానే లేచేది. లోపాలు చదివే స్కానర్ పెడితే ఏమీ చూపించేది కాదు. జరిగినదాన్ని గుర్తుపెట్టుకునే తెలివి బండిలో ఉన్న ఆ పాత కంప్యూటరుకు లేదు. పది నిమిషాలు చూసి "బాగుంది" అని చీటీ రాసి పంపేవాడు.

మూడోసారి ఎగతాళి కూడా చేశాడు.

"బండికేం రోగం లేదు బావా, నీ కాలికే ఉంది. ఇంట్లో మా అక్క కేకేస్తే ఆగినట్టు రోడ్డు మీద ఆగితే ఎలా?"

బావ పడీపడీ నవ్వాడు. "బామ్మర్ది బతుకు కోరతాడంటారు. కనీసం నా బండి బతుకైనా కోరరా! పొద్దున కాదు, వేడి మీద చూడు. నా పక్కన కూర్చుని ఒక్క గంట తిరుగు."

"గంటా?" మెకానిక్ నవ్వాడు. "బయట ఆరు బండ్లున్నాయి, పో పో."

బావతో అదే ఆఖరి మాట.

ఇవాళ తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క పెట్టున లేచింది. అక్క ముఖం పాలిపోయింది.

"బానే ఉందిగా?"

"ఉండక్కా."

పావుగంట. అరగంట. బానెట్ ఎత్తి నిలబడ్డ మెకానిక్‌కు తన మనసు చూసి తనకే రోత పుట్టింది. ఇది ఆగకూడదని లోపల కోరుకుంటున్నాడు. ఆగకపోతే తప్పు బావది. ఆగితే తనది.

నలభయ్యో నిమిషంలో ఆగింది. దగ్గలేదు, వణకలేదు, దీపం ఊదేసినట్టు ఆరిపోయింది. మళ్ళీ తాళం తిప్పితే ఇంజన్ ఊరికే తిరుగుతోంది గానీ అంటుకోలేదు. ఇంజన్ వేగం చూపే ముల్లు సున్నా మీంచి కదల్లేదు.

అడుగున బొటనవేలంత సెన్సరు ఒకటుంటుంది. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటరుకు చెప్పేది అదే. అది నోరు మూస్తే కంప్యూటరు నిప్పునూ పెట్రోలునూ ఆపేస్తుంది. మీటరు పెట్టి చూశాడు. లోపల తీగ తెగినట్టు చూపించింది. గ్లాసుడు చల్లటి నీళ్ళు దాని మీద పోసి మళ్ళీ చూశాడు. తీగ కలిసింది. తాళం తిప్పితే బండి ఏమీ ఎరగని నంగనాచిలా లేచి కూర్చుంది.

గ్లాసుడు నీళ్ళు, నలభై నిమిషాలు. ఇంతే పని.

"దొరికిందా?"

"దొరికిందక్కా. బావ ఆపలేదు."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నువ్వుండబట్టి సరిపోయిందిరా. ఇంత ఓపిగ్గా ఇంకెవడు చూస్తాడు?"

అప్పుడే కంపెనీ మేనేజరు ఫోను. "సంతకం అయిందా? చూడండి, 'బాగుంది' అని మీరు రాసిన చీటీలు మూడున్నాయి నా దగ్గర. ఇప్పుడు బాగోలేదంటే ఆ తాడు మీ మెడకే చుట్టుకుంటుంది. ఆలోచించుకోండి."

"ఆలోచించా" అని ఫోను పెట్టేశాడు.

కంపెనీ కాగితాన్ని తిరగేసి, బానెట్ అంచు మీద పెట్టి, గ్రీజు వేళ్ళతో రాశాడు. సెన్సరు సంగతి రాశాడు. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. రాసి అక్క చేతికిచ్చాడు.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "డ్రైవరు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నేను చల్లగా ఉన్నప్పుడు చూసి బాగుందన్నాను. వేడి మీద చూడమన్నాడు. ఒక్క గంట తిరగమన్నాడు. నేను..."

ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"నవ్వావా? ఆయన అడిగితే?"

"నవ్వానక్కా."

కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో దోపుకుంది. లేచింది.

"దింపుతానక్కా."

"నడుస్తా."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపడానికి చెయ్యి రాలేదు. తలుపు తీసి, డ్రైవరు సీటు ఖాళీగా వదిలి, పక్క సీట్లో కూర్చున్నాడు. అది మళ్ళీ ఆగేదాకా లేవలేదు.