పదిహేడు రాళ్ళ ఉంగరం

బజారులో అందరూ అతన్ని భూతద్దం అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా కంటికి అద్దం తగిలించుకుని వజ్రాలు పొదుగుతున్నాడు, పాత నగలకు వెల కడుతున్నాడు. పనిలో పడితే పక్కన పిడుగు పడ్డా తల ఎత్తడని పేరు. అలాంటివాడు ఆ రోజు ఆసుపత్రి నుంచి ఫోను రాగానే పని ఎక్కడిదక్కడ వదిలేసి లేచాడు.

అక్క మూడు రోజులుగా అక్కడే ఉంది. మూత్రపిండాలు పనిచెయ్యక ఒళ్ళంతా నీరు పట్టింది. వేళ్ళు ఉబ్బిపోయి ఉంగరం మాంసంలోకి దిగిపోయింది.

"వేలు నల్లబడుతోందండీ. కోసి తియ్యాల్సిందే," అంది నర్సు ఫోనులో. "మా దగ్గర పనిముట్టు ఉంది గానీ ఆవిడ చెయ్యి ఇవ్వడం లేదు. మా తమ్ముడు వచ్చి కొయ్యాలి, ఇంకెవరూ ముట్టుకోవద్దు అంటున్నారు."

ఆ ఉంగరం చేసింది అతనే. గురువు సాయం లేకుండా ఒక్కడే చేసిన మొదటి వస్తువు. బావ తెచ్చిచ్చిన పదిహేడు చిన్న వజ్రాలను వేలి చుట్టూ ఒకదాని పక్కన ఒకటి పొదిగాడు. వాటిలో ఒక రాయి వెంట్రుకవాసి ఒరిగింది. మర్నాడే చూసుకుని, సరిచేసిస్తానని బతిమాలాడు. అక్క వింటేనా?

"ఒక్క పూట కూడా తీసేది లేదు," అంది.

ఏటా ఒకసారి మాత్రం దుకాణానికి వచ్చి, ఉంగరం తియ్యకుండానే చెయ్యి బల్ల మీద పెట్టేది. అతను గోరువెచ్చని సబ్బునీళ్ళలో మెత్తని బ్రష్షు ముంచి, రాళ్ళ వెనక పేరుకున్న పిండీ సబ్బు మడ్డీ ఓపిగ్గా తీసేవాడు. తీస్తున్నంతసేపూ సణిగేవాడు.

"పిండి కలిపేటప్పుడైనా తీసి పక్కన పెట్టక్కా. కొక్కేలు అరిగి రాయి ఊడిందంటే ఆ పిండిలో కలిసి నీ కడుపులోకే పోతుంది."

"పోతే పోనీరా. పరాయివాళ్ళ కడుపులోకి కాదుగా," అనేది అక్క.

ఇప్పుడదే చెయ్యి ఆసుపత్రి దుప్పటి మీద, తనది కానట్టు పడి ఉంది. వేలికీ ఉంగరానికీ మధ్య సన్నని రేకు దూర్చడానికే పావుగంట పట్టింది. చుట్టూ రాళ్ళే, రంపం పెట్టే చోటు లేదు. అద్దం పెట్టుకుని వెతగ్గా వెతగ్గా ఆ ఒరిగిన రాయి పక్కనే రవ్వంత సందు దొరికింది.

"చూశావా," అంది అక్క నీరసంగా. "నువ్వు సరిగ్గా చేసి ఉంటే ఇవాళ వేలే కొయ్యాల్సి వచ్చేది."

అతనికి నవ్వు రాలేదు. బంగారం వేడెక్కకుండా నర్సు చుక్క చుక్కగా నీళ్ళు పోస్తుంటే రంపం ఆడించాడు.

"నొప్పిగా ఉందా అక్కా?"

"నీ మొహం చూస్తుంటేనే నొప్పిగా ఉంది. కానివ్వు."

ఉంగరం విచ్చుకుంది. వేలి మీద తెల్లటి లోతైన గాడి మిగిలింది. అక్క ఆ గాడిని బొటనవేలితో తడుముకుంది. "బాగుచేసి పట్రా. ఈసారి కాస్త వదులుగా చెయ్యి," అంది.

రెండు రోజులు అతను మరో పని ముట్టుకోలేదు. చిన్న బంగారు ముక్క చేర్చి అతికాడు. అరిగిన కొక్కేలు కట్టాడు. పనిలో పనిగా, ఇన్నేళ్ళుగా కంట్లో నలుసులా ఉన్న ఆ ఒరిగిన రాయిని కూడా నిలబెట్టాడు. ఆ పూట తన పనితనం చూసుకుని మురిసిపోయాడు కూడా.

తీసుకెళ్ళేసరికి డయాలసిస్ యంత్రం ఒంట్లో నీరంతా లాగేసింది. అక్క ఎముకలగూడులా ఉంది. ఉంగరం తొడిగితే జారి దుప్పటి మీద పడింది. ఆమె దాన్ని వెతికి తీసుకుని, బొటనవేలికి పెట్టుకుని మెల్లగా తిప్పింది. ఒక చుట్టు తిప్పింది, మళ్ళీ ఇంకో చుట్టు.

"ఆ రాయేదిరా? చీకట్లో కూడా వేలికి తగిలేదే."

"సరిచేశానక్కా."

"అలాగా," అంది.

అతను చెయ్యి చాపాడు. "మళ్ళీ పాతదానిలాగే చేసి, బిగించి తెస్తాను. ఇటివ్వు."

"ఉండనీరా. తొందరేముంది?" అని పిడికిలి మూసుకుంది.

ఆ తర్వాత నాలుగో రోజు ఉదయం అక్క పోయింది.

నర్సు ఒక కాగితం తెచ్చింది. అక్క వస్తువుల జాబితా. కళ్ళజోడు, చెప్పులు, శాలువా. వాటి కింద "తెల్ల రాళ్ళున్న పసుపు లోహపు ఉంగరం ఒకటి" అని ఉంది. నిజంగా బంగారమేనని ఆసుపత్రివాళ్ళు పూచీ పడలేరు కాబట్టి అలాగే రాస్తారట.

"మీరు వజ్రాల పనివారని ఆవిడ చెప్పేవారు. విలువ ఎంత రాయమంటారు?" అని అడిగింది.

చిన్న రాళ్ళకు తిరిగి అమ్మితే పెద్దగా ఏమీ రాదనీ, అతుకు పడ్డ ఉంగరానికి అది కూడా తగ్గుతుందనీ అతన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎందరి మొహం మీదో చెప్పాడు. ఇప్పుడు కాగితం అందుకున్నాడు.

"ఖాళీగా వదిలెయ్యమ్మా," అని సంతకం పెట్టి ఉంగరం తీసుకున్నాడు.

లోపలికి ఒక్కరినే రానిస్తారు కాబట్టి బావ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. భూతద్దం వెళ్ళి పక్కన కూర్చుని, అరచెయ్యి తెరిచాడు. ఉంగరం చూశాక బావకు అడగాల్సింది లేకపోయింది. దాన్నే చూస్తూ, "పొద్దున ఏమన్నా తిందా?" అన్నాడు.

"రెండు చెంచాల పాలు తాగింది బావా."

ఆయన తల ఊపి, ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు గుండీ పెట్టుకోబోతే కాజా దొరకలేదు. భూతద్దమే వంగి పెట్టాడు.