ఒకే చీటీ మీద రెండు దవడలు

పొద్దున కొట్టు తెరవగానే అచ్చులాయన చేసే మొదటి పని ఊడవడం. అరల మీద వరసగా పేర్చిన పళ్ళ అచ్చుల కింద తెల్లటి పొడి రాలి ఉంటుంది. ఏ అచ్చు కింద ఎంత పొడి ఉందో చూసి, ఎవరికి ఎంత దిగులో చెప్పేయగలడు. ఊరికే అడిగితే చెప్పడు, పరువైన మనిషి. టీ ఇప్పిస్తే చెబుతాడు.

నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళ నోటి కొలత తీసి ఎదురింటి పళ్ళ డాక్టరమ్మ పంపుతుంది. అచ్చులాయన అందులో ప్లాస్టర్ పోసి, పై దవడా కింది దవడా అచ్చు తీసి, నోటిలాగే తెరుచుకుని మూసుకునే ఇనుప కీలుకి బిగించి, పై పళ్ళకి గాజులాంటి తొడుగు చేస్తాడు. రాత్రి అది పెట్టుకుని పడుకుంటే పళ్ళు అరగవు. అయితే కొరకాల్సిన కొరుకుడు ఎక్కడికో పోవాలి కదా. తెల్లారాక అది అర మీది అచ్చులోకి వస్తుంది. పగలంతా కొట్టులో ప్లాస్టర్ పళ్ళు కరకరమని వాటంతట అవే అరుగుతుంటాయి. హెడ్‌మాస్టరు అచ్చు పరీక్షల నెలలో మోత పెడుతుంది, రాసేది తనే అన్నట్టు. చివరింటి కోడలి అచ్చు అత్తగారు వచ్చిన వారం ఆగదు. ఆ వారమే అత్తగారిదీ ఆగదు. పక్క కొట్టు ఫోటోలాయనకి ఆ చప్పుడు లేకపోతే మధ్యాహ్నం కునుకు పట్టదు.

అచ్చులకి పేరు రాసి చుట్టే చీటీల దగ్గర అచ్చులాయనకి పిసినారితనం. ఇంటికి ఒకటే చీటీ. ఎవరి దవడ ఎవరిదో చూడగానే తెలుస్తుందని ఆయన ధీమా. అన్నేళ్ళూ తెలిసింది కూడా, ఆ బస్సు డ్రైవరింటి దవడలు వచ్చేదాకా.

డ్రైవరుని వీధంతా మూగహారను అంటుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన మాట్లాడినదంతా ఒక బస్సు టికెట్టు వెనక రాయొచ్చు. ఆయన భార్య రేడియో వదిన. ఆవిడ మాట్లాడినది రాయాలంటే టికెట్లు అచ్చేసే మిషను కావాలి. ఇద్దరూ నిద్రలో పళ్ళు కొరుకుతున్నారని డాక్టరమ్మ తేల్చింది. ఆయన చెప్పలేకా, ఈవిడకి చెప్పింది చాలకా అని ఫోటోలాయన అన్నాడు.

ఒకే చీటీ చుట్టిన నాలుగు దవడల్లో అచ్చులాయన చెయ్యి తప్పింది. వదిన పై దవడకి డ్రైవరు కింది దవడ బిగించి, దాని మీదే తొడుగు చేసి పంపించేశాడు.

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు మధ్యాహ్నం అచ్చులాయన అన్నం తింటుంటే ఆ అచ్చు నోరు తెరిచింది.

"గ. ట. ప. ద. మ." సుద్దముక్క బల్ల మీద గీకినట్టుంది గొంతు. కాసేపాగి, "ట. మ. గ. న. ప."

అచ్చులాయన దాన్ని గోడ వైపు తిప్పి పెట్టి అన్నం కానిచ్చాడు. చెయ్యి కడుక్కుంటుండగా రేడియో వదిన వచ్చింది, తొడుగు రుమాల్లో చుట్టుకుని.

"ఏం తొడుగు చేశావు తమ్ముడూ? బుగ్గ కొరుక్కుపోతోంది. పైగా పొద్దున లేస్తే నోరంతా డీజిలు వాసన. నేనేమైనా బంకులో పడుకుంటున్నానా?"

"అందరికీ సరిపోయింది అక్కా. నువ్వు నిద్రలో కూడా మాట్లాడుతుంటే అది మాత్రం ఎక్కడ కుదురుకుంటుంది?"

"నీ పనికి నా నోరు అడ్డమా?"

అరమీది అచ్చు గోడకేసి అంది. "గ. ట. ప. ద. మ."

వదిన ఆగింది. ఆవిడ మాట మధ్యలో ఆగడం వీధిలో ఎవరూ చూడలేదు. అచ్చులాయన అచ్చు తీసి చీటీ విప్పి చూశాడు. ముఖం అచ్చు రంగుకి వచ్చింది.

"పొరపాటయింది అక్కా. పైది నీది, కిందిది బావది. ఇప్పుడే విడదీస్తాను. ఇంక మాట్లాడదు."

"ఉండు."

అచ్చు మెల్లగా తెరుచుకుంది. "డిపోలో కంటి పరీక్షకి పదేళ్ళుగా అదే పటం," అంది. "బట్టీ పట్టాను. కుడి కన్ను మూస్తే అక్షరాలే కాదు, గోడ కూడా లేదు. కొండ దారి మూడో మలుపులో ఎడమ పక్క ఏముందో ఆర్నెల్లుగా నాకు తెలీదు."

కొట్టులో మిగతా అచ్చులన్నీ కొరకడం మానేశాయి. పక్కన ఫోటోలాయన ఉలిక్కిపడి నిద్ర లేచాడు.

"రేపు బడి పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్ళేది ఆయనే," అంది వదిన. "నలభై మంది."

"విడదీయనా, వద్దా?"

"వద్దు. సంచిలో పెట్టివ్వు."

మర్నాడు పొద్దున డ్రైవరు ఖాకీ చొక్కా వేసుకుని టిఫినుకి కూర్చున్నాడు. వదిన పళ్ళెం ముందు అచ్చు పెట్టింది. అది చెప్పాల్సిందంతా చెప్పింది. ఆయన నములుతూ విన్నాడు.

"నా గొంతు అలా ఉంటుందా?" అన్నాడు చివరికి.

"సగం నాదేనండీ."

"ఎవరెవరు విన్నారు?"

"అచ్చుల తమ్ముడు. ఇంకా టీ ఎవరూ ఇప్పించలేదట."

ఆయన నవ్వలేదు. "స్టీరింగు లేకపోతే నేనెవర్నే?" అన్నాడు. ఒక్క రోజులో ఆయన అన్ని మాటలు ఆడటం పెళ్ళయ్యాక అదే మొదలు. వదిన ఆయన పళ్ళెంలో ఇంకో ఇడ్లీ వేసింది.

బయట కండక్టరు కేకేశాడు. "అన్నా, పిల్లలు ఎక్కేశారు. రా."

డ్రైవరు గుమ్మంలోకి వెళ్ళాడు. వస్తున్నానని చెప్పడానికే నోరు తెరిచాడు, అది ముఖంలో తెలుస్తూనే ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం సుద్ద గీకిన గొంతు. "నాకు ఎడమ కన్ను కనబడదు." లోపల బల్ల మీద అచ్చు కూడా అదే అంది. వంటింటి గుమ్మంలో వదిన పెదవులూ అలాగే కదిలాయి. మూడు నోళ్ళు, ఒకే మాట.

కండక్టరు డిపోకి వెళ్ళి వేరే డ్రైవర్ని పిలుచుకొచ్చాడు.

బస్సు వెళ్ళింది, సాయంత్రానికి నలభై మందీ దిగారు. మూడో మలుపులో ఎడమ పక్క ఏముందని వీధంతా కొత్త డ్రైవర్ని అడిగింది. "ఉన్నదేదో చూశాను, ఆగాను," అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. టీ ఇప్పించినా చెప్పలేదు.

మూగహారనుకి డిపోలో మైకు ముందు కుర్చీ ఇచ్చారు. ఏ బస్సు ఎటు పోతుందో రోజంతా చెబుతాడు, ఇంటికొచ్చాక కూడా ఆపడు. వదిన మాటలు సగానికి తగ్గాయి. వీధికి వార్తలు అందక ఇబ్బందిగానే ఉంది, కానీ ఎవరి బాధలు వాళ్ళవి.

సాయంత్రాలు ఇద్దరూ నడకకి వస్తారు. ఆవిడ ఎప్పుడూ ఆయన ఎడమ పక్కనే. ఆయన ఏదో చెబుతూంటాడు, ఆవిడ తల వంచుకుని నడుస్తుంది. వీధి మలుపు ఇంకా పదడుగులు ఉండగానే "సైకిలు," అంటుంది. ఆయన ఆగుతాడు. ఇద్దరూ నిలబడతారు. కాసేపటికి మలుపు తిరిగి సైకిలు వస్తుంది.