యాభై తూటాలు

న్యూమెక్సికో ఎండలో రెండొందల మైళ్ళు కారు తోలుకొచ్చిన కెప్టెన్ రస్సెల్ టాగర్ట్‌కి తీరా తుపాకీ కాల్పుల మైదానం గేటుకి తాళం కనిపించింది. ఒళ్ళు మండిపోయింది. అతనిలా నడుముకు ప్రభుత్వ తుపాకీతో విమానం నడిపే పైలట్లు ఆర్నెల్లకోసారి ఇక్కడికొచ్చి పరీక్ష నెగ్గాలి. సెలవూ సొంతమే, ఖర్చూ సొంతమే. పోనీ అంటే, ఆ సెలవు తేదీలు ఏడాది ముందే విమాన కంపెనీకి రాసివ్వాలి. పరీక్షకు గడువు ఇవాళే; దాటితే తుపాకీ అప్పగించి తప్పుకోవాల్సిందే.

“తూటాల్లేవు కెప్టెన్ గారూ. ఈసారి నిధులు రాలేదు” అంది పక్క ఆఫీసు గదిలో కూర్చున్న డోరిన్, పరీక్ష పెట్టేది ఆమే.

“ఈ మాట మొన్నే చెప్పి ఏడవొచ్చుగా?”

“నాకే పొద్దున చెప్పారు.”

రస్సెల్ కారులోంచి సొంత తూటాల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. “యాభయ్యేగా కావాలి? కానియ్.”

“సర్కారు తూటాలతో కాలిస్తేనే లెక్కలోకొస్తుంది.”

గోడ అవతల టపటపా కాల్పులు వినిపించాయి.

“మరవేంటి, పెళ్ళి బాణసంచానా?”

“కొత్త బ్యాచ్. వాళ్ళ నిధులు వేరు. వాటిల్లో ఒక్కటి ముట్టుకున్నా నా ఉద్యోగం పోతుంది.”

ఏం రాజ్యమండీ ఇది! కొత్తవాళ్ళకు నేర్పడానికి డబ్బుంటుంది, నేర్చినవాణ్ణి నిలుపుకోడానికుండదు. విమానాలు హైజాక్ చేసి న్యూయార్క్ జంట భవనాలు కూల్చిన ఆ సెప్టెంబరు తర్వాత, చివరి విమానం దాకా ఉత్త చేతులతో కాక్‌పిట్‌లో కూర్చోనని రస్సెల్ భార్యకు మాటిచ్చాడు. ఇరవై ఏళ్ళుగా నిలబెట్టుకున్నాడు.

“మళ్ళీ చేరాలంటే?”

“కొత్తగా దరఖాస్తు పెట్టాలి. రెండేళ్ళు పట్టుద్ది.”

అతనికి అరవై మూడు దాటి ఎనిమిది నెలలు. అరవై ఐదు నిండితే విమానం దిగిపోవాల్సిందే. ఆ సంగతి డోరిన్‌కీ తెలుసు. అతను తుపాకీ ఖాళీ చేసి బల్ల మీద పెట్టి, అప్పగింత కాగితం మీద సంతకం గీకాడు. నడుము బోసిగా అనిపించింది.

వెళ్ళబోతుంటే ఆమె తల దించుకునే అడిగింది. “అడగడానికి సిగ్గుగానే ఉంది. కొత్తవాళ్ళకు తూటాలైతే ఇచ్చారు గానీ, నేర్పే టీచర్ని నిన్ననే తీసేశారు. సీట్లో బెల్టు పెట్టుకుని తుపాకీ ఎలా తియ్యాలో నాకు తెలీదు, నేనెప్పుడూ విమానం నడపలా.”

“జీతమిస్తారా?”

“ఇవ్వరు.”

నోటిదాకా వచ్చిన బూతును రస్సెల్ మింగేశాడు. సెలవింకా మూడు రోజులుంది.

“పొద్దున ఎన్నింటికి రమ్మంటావ్?” అన్నాడు.